ఇనుప ముక్కకు మీగడ చాయ్

నయాపూల్ దగ్గర బాబురావు సేటు తుపాకుల దుకాణానికి రెండు నోళ్లుండేవి. ఒకటి గల్లా ముందు కూర్చుని తెల్లారింది మొదలు వాగుతూనే ఉండేది. అది సేటుది. రెండోది ఆకుపచ్చ పరదా వెనక ఉండేది. అది మాట్లాడదు, చాయ్ పంపుతుంది. ధర తేల్చేది మాత్రం ఆ రెండో నోరే.

ఆ నోరు ఇక్బాలున్నీసాది. ఆమె తండ్రి నిజాం ఫౌజులో ఆయుధాలు బాగుచేసే మిస్త్రీ. ఆ ఫౌజును ఎత్తేశాక ఈ దుకాణంలో చేరాడు. కళ్లు మసకబారాక పని తెచ్చి కూతురి ముందు పరిచేవాడు. "మెరుపును నమ్మకు బేటీ. పాలిష్ కొట్టించినోడు ఏందో దాస్తున్నట్టే" అనేవాడు. పిస్తోలు ఒంటి మీద, గొట్టం మీద, లోపలి ముక్కల మీద అంకె ఒకటేనా? కార్ఖానా వేసిన నీలి నలుపు రంగు చెక్కుచెదరకుండా ఉందా? స్ప్రింగు గట్టిగా పలుకుతోందా, గొణుగుతోందా? ఇవి చూసి ధర చెప్పడం ఆమెకు వంటలో ఉప్పు చూసినంత అలవాటైపోయింది.

తండ్రి పోయాక సేటు ఆమెనే పెట్టుకున్నాడు. అయితే బయట ఎవరికీ చెప్పలేదు. "ఆడమనిషి పిస్తోలు ధర కడుతదంటే దుకాణం ఇజ్జత్ ఏం కావాలె?" అన్నాడు. జీతానికి పెట్టిన పేరు తుడుపు కూలి.

ఎవరైనా పిస్తోలు అమ్మడానికి వస్తే సేటు దాన్ని గుడ్డ కప్పి, పళ్లెంలో పెట్టి, తుడవడానికని లోపలికి పంపేవాడు. లోపలి నుంచి చాయ్ వచ్చేది. సాదా చాయ్ వస్తే మామూలు సరుకు. మీగడ వేసిన మలాయ్ చాయ్ వస్తే అరుదైన సరుకు, చేయి జారనీయొద్దని అర్థం. వచ్చినవాళ్లు మర్యాద చేస్తున్నారనుకుని ఊదుకుంటూ తాగేవాళ్లు. ఫౌజు వదిలించుకున్న పాత పిస్తోళ్లకు ఆ రోజుల్లో మస్తు గిరాకీ. పరదేశం నుంచి రావడం బందయింది. గాజు బీరువాల్లో పెట్టుకుని చుట్టాలకు చూపించే షౌకీన్లు వేలు పోసేవాళ్లు. అమ్మేవాళ్లకు మాత్రం తుక్కు ధర. ఆ అమ్మేవాళ్లు ఎవరు? పింఛను చాలని సిపాయిలు, వాళ్లు పోయాక మిగిలిన ఆడవాళ్లు. ఊళ్లో పెద్ద దుకాణాలు చాలా వరకు ఇట్లా మీగడ మీదే లేచాయి.

డెబ్బై నాలుగులో, దసరా దాటిన వారానికి గౌలిపుర నుంచి ఆగమ్మ వచ్చింది. పాలమ్ముకునే మనిషి. ఆమె పెనిమిటి మల్లన్న ఫౌజులో హవల్దారుగా చేసి, సర్కారు వేలంలో ఒక పాత పిస్తోలు కొనుక్కున్నాడు. లైసెన్సు అతని పేరు మీదే ఉంది. అతను పోయాడు కనుక పిస్తోలు ఇంట్లో ఉంచొద్దని, దుకాణంలో ఇవ్వాలని పోలీసులు చెప్పారు. అదే సమయానికి ఆమె బర్రె వట్టిపోయింది. పిస్తోలు ధరతో ఇంకో పాడి బర్రె వస్తేనే పొయ్యి వెలిగేది.

పళ్లెం లోపలికి వెళ్లింది. గుడ్డ తీయగానే ఇక్బాలున్నీసా ముక్కు మూసుకుంది. పాచి నెయ్యి కంపు! ప్రతి దసరాకూ పసుపు బొట్టు పెట్టి, బర్రె కొమ్ములకు రాసినట్టు దాని ఒంటికి ఇంత నెయ్యి పూశారు. ఏళ్ల నెయ్యి జిగురై పేరుకుంది. కిరసనాయిలు గుడ్డతో ఒక పక్క తుడిచింది. కింద నీలి నలుపు రంగు, నిన్న కార్ఖానా దాటినట్టు! అంకెలన్నీ ఒకటే. ఆమె చాయ్ మీద మీగడ వేసి పంపింది.

సేటు కప్పు చూశాడు, మొహం వేలాడేశాడు.

"ఏం చెప్పాలె ఆగమ్మా. నెయ్యి పూసి సత్యనాశ్ చేసిండ్రు. వట్టి ఇనుప ముక్క. నీ మొహం చూసి రెండు వందలిస్త."

ఆగమ్మ కప్పులోకి చూసింది. వేలితో మీగడ పైకెత్తింది. చిక్కగా సాగింది.

"సేటూ, నేను పాలమ్మేదాన్ని. గింత మీగడ ఎన్ని పాలకు వస్తదో నాకెర్క. ఇంటి అల్లునికి గూడ పొయ్యం. ఇనుప ముక్క తెచ్చిన ముసలిదానికి మీగడ చాయ్ ఎందుకు పోస్తున్నవ్?"

సేటు నవ్వబోయాడు. "మర్యాద, ఆగమ్మా..."

"మర్యాద గాదు. నా పిస్తోల్ల ఏందో ఉన్నది. ఏంది చెప్పు!"

పరదా వెనక ఇక్బాలున్నీసా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ కప్పును ప్రశ్నించిన మనిషి లేదు. సేటు పరదా వైపు చూసి గట్టిగా దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం 'లోపలే ఉండు' అని. ఆమె పరదా పక్కకు లాగి, పళ్లెంతో సహా బయటికొచ్చింది.

"మీగడ నేనే పంపిన అక్కా. మీగడ వస్తే సరుకు ఉమ్దా అని సేట్‌సాబ్‌కు ఇషారా. దీనికి రెండు వేలకు తక్కువ చెప్తే జూట్."

"పాగల్ అయినవా ఇక్బాల్?" సేటు లేచాడు. "రేపటి సంది ఈ గడప తొక్కకు!"

"తొక్కను. మా అబ్బా ధర నేర్పిండు. దాయమని నేర్పలే."

"ఏయ్ ఆగమ్మా, పోలీసోళ్లు మళ్లొస్తరు, ఫికర్ లేదా? ఇక్కడ గాకుంటే ఏడ అమ్ముతవ్?"

"అమ్మేదాంక ఇంకో దుకాణంల భద్రంగ అమానత్ పెడ్తం" అంది ఇక్బాలున్నీసా. "లైసెన్సు దుకాణం నీదొక్కటే ఉన్నదా? నడువు అక్కా."

ఆగమ్మ పిస్తోలును కొంగులో చుట్టుకుంది. పోతూ పోతూ చాయ్ మొత్తం తాగేసి, కప్పు సేటు ముందు బోర్లించింది. "మీగడ మంచిగున్నది సేటూ. పాలు మా అసొంటోళ్లయే లెక్క ఉన్నయ్."

వంతెన అవతలి దుకాణం వాడు పదిహేను వందల దగ్గర మొదలుపెట్టాడు. గీసి గీసి బేరమాడి పాలమ్మిన నోరు ఆగమ్మది, రెండు వేల దాకా లాగింది. పక్కన పిస్తోలు విప్పి అంకెలు చూపిస్తూ ఇక్బాలున్నీసా బల్ల ముందే కూర్చుంది, పరదా లేకుండా. గౌలిపురకు బర్రె వచ్చింది.

ఆ తరువాత జనం దుకాణాలకు పోయే ముందు ఇక్బాలున్నీసా ఇంటి అరుగు దగ్గర ఆగడం మొదలైంది. బాబురావుకు ఒళ్లు మండి మనిషిని పంపాడు: లైసెన్సు లేకుండా ధరలు చెప్తున్నవని ఫిర్యాదు చేస్తానని.

"తుపాకికి లైసెన్సు కావాలె" అని ఆమె జవాబు పంపింది. "నోటికి గాదని చెప్పు మీ సేటుకు."

వచ్చిన మనిషికి కూడా చాయ్ పోసింది. ఆగమ్మ రోజూ పాలు పంపుతోంది. ఆ అరుగు మీద ఇక్బాలున్నీసా ధర నలుగురూ వినేట్టు చెబుతుంది. తుప్పు పట్టిన పిస్తోలు తెచ్చినా సరే, మీగడ చాయే.