ఏడో పెంకు

బంతిపూల వాసన తగిలితే చాలు, మాచర్లలో మా ఏటవాలు పెరట్లో తోట వేసింది నేనేనని మనవళ్లకు గొప్పలు చెబుతాను.

నిజానికి నాన్న క్వారీ నుంచి తెచ్చిన నాపరాతి ముక్కలను వాలుకు అడ్డంగా పాతి మెట్లు కట్టింది అమ్మ. దాచుకున్న బంతి విత్తనాలన్నీ పైమెట్టులో చల్లింది. ఏడుపెంకులాటకు ఒక పెంకు తక్కువైందని ఆ మెట్టుకు ఊతంగా ఉన్న చిన్న రాయి పీకాను. సాయంత్రం వానకు మెట్టు తెగి, విత్తనాలు కిందికి కొట్టుకుపోయాయి.

"ఏందిరా ఇది! ఇంకో గింజ లేదు గదరా!" అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

"కిందికి గూడా నీళ్లు పోవాలని తీశానే" అన్నాను.

రెండు నెలలకు పెరడంతా పూసింది.

"చానా బాగుందొదినా, ఎవరేశారు?" అంది పక్కింటి అత్త.

"మావాడే" అంది అమ్మ గర్వంగా.

అత్త వెళ్లాక, నా పెంకుల్లోంచి తీసి దాచిన ఆ రాయి నా చేతిలో పెట్టింది. "ఇంద, నీ ఏడో పెంకు."

అంతా తెలిసే అత్తతో అలా చెప్పింది. అమ్మ మాటను నేనెందుకు కాదనాలి?