భాగ్యక్క చెరిపేసిన సీను

సాంచా మోటారు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను, ఇక్కడ రాసే ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. మొన్న సూరత్ నవాగామ్‌లో సెలూన్ కుర్చీలో కూర్చున్నాను. మెడ మీద చల్లటి నురగ, ఎదురుగా శబ్దం తీసేసిన టీవీ. ఏదో సీరియల్లో కోడలు వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆమె పెదవులు మాత్రం "జర లైటు పక్కకు తిప్పండి, కళ్లు మండుతున్నయ్" అంటున్నాయి. నేను ఎంత గట్టిగా ఉలిక్కిపడ్డానంటే కత్తి పట్టుకున్నతను భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు. భాగ్యక్క గుర్తొచ్చింది.

మరమగ్గాన్ని, తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన మా నేతగాళ్లం సాంచా అంటాం. సాంచాలు నడిచే కార్ఖానాలో గొంతు చించుకుని అరిచినా పక్కవాడికి వినపడదు. అందుకని మావాళ్లు పెదవులతో మాట్లాడతారు, కళ్లతో వింటారు. భాగ్యక్క భర్త మల్లేశం ఆ మోత మధ్య నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. ఇంట్లో కూడా ఆమె ఆయనతో చప్పుడు లేకుండానే మాట్లాడేది. పోట్లాటా అంతే. అంత నిశ్శబ్దంగా తిట్టుకునే జంటను నేనింకెక్కడా చూడలేదు.

నేను ఆమెను మొదటిసారి చూసింది ఖటోదరాలోని మా కార్ఖానాలో, మా సేట్ చీరలకు ఆమె ప్రకటన తీయడానికి వచ్చినప్పుడు. ఆ రోజు నా సాంచా మీద బట్ట పాడైంది. బార్డోలీ చెరకు తోటల్లోంచి నెమలి వచ్చి దారాల మీద వాలిందని సేట్‌కు చెప్పాను. ఆయన బిత్తరపోయాడు. కెమెరా పక్కన నిలబడ్డ భాగ్యక్క మాత్రం నన్ను తేరిపార చూసింది.

"నెమలి ఎటుకెళ్లి వచ్చిందిరా?"

"పైన రోషన్‌దాన్ కిటికీల కెళ్లి అక్కా."

"పొయ్యేటప్పుడు?"

"దర్వాజల కెళ్లి. తోక జర తలుపుల ఇరికింది."

సేట్ వెళ్లేదాకా ఆగి నా భుజం మీద చరిచింది. "కథ మంచిగున్నది. గని అబద్ధం చెప్తుంటే నీ చేతులు ఊకె ఉంటున్నయ్. చేతులకు ఏదన్న పని చెప్పు, అప్పుడు నమ్ముతరు. రేపటి సంది నా దగ్గరికి రా."

అలా ఆమెకు సహాయకుణ్ణయ్యాను. చీరల ప్రకటనలు, పెళ్లి వీడియోలు, కేబుల్ టీవీకి పండుగ కార్యక్రమాలు తీస్తూ ఆమె నిర్మాత అయింది. కానీ ఆమె కోరిక ఒక్కటే, సూరత్‌లోని మనవాళ్ల బతుకు మీద తెలుగు సీరియల్. మల్లేశం పోయిన మరుసటి ఏడు ఉన్నదంతా ఊడ్చి దానికి దిగింది. ఛానెల్ తీసుకుంటే సీరియల్ నిర్మాత, లేకపోతే జన్మంతా చీరల ప్రకటనలే.

నటులంతా కార్ఖానా మనుషులే. షూటింగ్ కోసం సాంచాలు ఆపనని సేట్ ఖరాఖండిగా చెప్పాడు. "పర్వాలేదు. పెదవులు ఆడిస్తే సాలు, ఏమన్న అనుండ్రి. మాటలు తర్వాత హైదరాబాద్‌ల అతికిద్దాం," అంది భాగ్యక్క. కొడుకు శవం పక్కన కూర్చునే తల్లి వేషానికి ఒప్పుకున్నామె ఆ రోజు రాలేదు. భాగ్యక్క తనే కొంగు కప్పుకుని కెమెరా ముందు కూర్చుంది.

పూర్తయ్యాక నవాగామ్‌లో ఒక హాలు తీసుకుని, ఛానెల్ పెద్దమనిషిని హైదరాబాద్ నుంచి పిలిపించి, మనవాళ్లందరి మధ్య కూర్చోబెట్టి చూపించింది. హీరో చెల్లెల్ని అత్తారింటికి సాగనంపుతున్నాడు. హాలంతా గొల్లుమంది. పైకి వినిపించేది "తల్లీ, వెళ్లి రా" అనే హైదరాబాద్ గొంతు. పెదవులు అంటున్నది "లుంగీ ఊడుతుందే, జల్ది కానియ్యమను." విలన్ కత్తి ఎత్తి "ఇంట్ల గ్యాస్ అయిపోయింది" అన్నాడు. జనం కుర్చీల మీద పడి దొర్లారు. కళ్లతో వినేవాళ్లకే సీరియల్ చూపిస్తున్నామని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు!

ఛానెల్ పెద్దమనిషి లేచాడు. "ఏడుపు సీన్లకు నవ్వుతున్నారేంటండీ?" నేను తలుపు దగ్గర ఆయన సంచీ పట్టుకున్నాను. ఆయన లాగుతున్నాడు, నేను వదలను. అప్పుడు, కరెంటు పోతే సాంచాలన్నీ ఒక్కసారి ఆగినట్టు, హాలు ఆగిపోయింది.

తెర మీద భాగ్యక్క. అతికించిన గొంతు "బాబూ, నువ్వు లేని లోకం నాకెందుకు" అంటోంది. ఆమె పెదవులు మాత్రం, "మల్లేశం, సూస్తున్నవా? మనోళ్లందరు టీవీల వస్తున్నరు. నువ్వొక్కనివే జర ఆగలేకపోయినవ్" అన్నాయి. జనం లేచి నిలబడ్డారు. తువ్వాళ్లు కళ్లకెళ్లాయి. భాగ్యక్క మొదటి వరసలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుండిపోయింది. తను ఏమందో తనకే అప్పుడు తెలిసినట్టుంది.

పెద్దమనిషికి ఏమీ అర్థం కాలేదు గానీ ఆ నిశ్శబ్దం మాత్రం అర్థమైంది. "ఈ సీనుతోనే మొదలుపెడదాం. ఇది ఉంటేనే సీరియల్ తీసుకుంటాం," అన్నాడు.

"అదొక్కటి ఇయ్య సార్," అంది భాగ్యక్క.

"మరి ఇన్నేళ్ల కష్టం?"

"కష్టం నాది సార్. ఆ సీను మా ఆయనది."

ఆ సాయంత్రమే, నేను చెయ్యి పట్టుకుని ఆపుతున్నా వినకుండా, కంప్యూటర్లో దాన్ని చెరిపేసింది. ఆ పెద్దమనిషి మళ్లీ ఫోన్ ఎత్తలేదు. కొన్నాళ్లకు ఇంకో చిన్న ఛానెల్, తల్లి వీపు మాత్రమే కనిపించే కొత్త సీనుతో, మధ్యాహ్నం పూట వేసింది. కొన్ని వారాలు నడిచి ఆగిపోయింది. భాగ్యక్క ఆగలేదు. కిందటేడు పోయేదాకా ఏదో ఒకటి తీస్తూనే ఉంది. శబ్దం పట్టినా పట్టకపోయినా నటులు రాసిన మాటలే పలకాలని పట్టుబట్టేది.

ఇక ఒప్పుకోవాలి. మీరు నెమలిని అనుమానిస్తుంటారు. సరే, నెమలీ దాని తోకా నా పైత్యమే, కానీ సేట్‌కు ఆ అబద్ధం ఆడిన మాట నిజం. హాలు నవ్వింది నిజం, నిలబడింది నిజం. తెర మీద ఆమె పెదవులన్న మాటలే నా కల్పన. అప్పుడు నా వీపు తెర వైపుంది, రెండు చేతులూ సంచీ మీదున్నాయి. చూసినవాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. ఒక్కడూ చెప్పలేదు. ఆమెనే అడిగేశాను ఒకసారి, చీర మడత పెడుతున్నట్టు చేతులకు పని చెప్పుకుని మరీ.

ఆమె నవ్వింది. "ఎట్లన్న నువ్వు ఏదో ఒకటి కల్పిస్తవ్ గదరా. జర మంచిది కల్పియ్యి."