అన్న ఎంచిన పడవ

మా అన్న దుబాయిలో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డర్. మీసం సరిగ్గా రాని వయసులో పోయి, తల నెరిశాక తిరిగొచ్చాడు. వచ్చిన కొన్నాళ్లకే ఇనుప రేకులతో తెరచాప పడవ కట్టుకుంటానన్నాడు. మంథని దగ్గరి మా ఊళ్లో చేపలు పట్టేవాళ్లకు తెప్పలున్నాయి. తెరచాప పడవ ఊసు మాత్రం ఎవరూ ఎత్తినట్టు నాకు గుర్తులేదు. నేను బొగ్గు గనుల వర్క్‌షాపులో ఫిట్టర్ని, కాలనీలో ఉంటాను. ఆదివారాలు ఊరికి పోయేవాణ్ని. ఈ ముచ్చట విని ముందు నవ్వాను.

"మోటరు బోటు కొనుక్కోరాదే? తెరచాప ఎందుకే అన్నా?"

"చెవులల్ల ఇంకా గ్రైండరు మోగుతనే ఉంది తమ్మీ. జర చప్పుడు లేంది గావాలె."

చప్పుడొక్కటే కారణం కాదని నాకు తెలుసు. మా చెలక, అంటే మెట్టచేను, గోదావరి ఒడ్డున ఉండేది. దిగువన ఆనకట్ట లేచాక నీళ్లు వెనక్కి తన్ని చెలకను ముంచేశాయి. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన సమాధి అందులోనే ఉంది. బాపు పోయినప్పుడు అన్నకు సెలవు దొరకలేదు. సమాధి కట్టి, సున్నం వేసి, ఫోన్లో ఫొటో పంపించాను. అన్న చూసింది ఆ ఫొటో ఒక్కటే. అతను వచ్చేసరికి అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఎండాకాలం గేట్లెత్తితే నీళ్లు దిగుతాయి గానీ, అడుగున మోకాలు దాకా బురద, ఇసుక మేట. నడిచి పోవడం కుదరదు. తెలిసిన చేపలాయన తెప్ప మీద తీసుకుపోతానన్నాడు. అన్న ఒప్పుకోలేదు.

"నేను కట్టిన దాంట్లనే పోత. ఇన్నేండ్లు మందివే బాగుచేసిన," అన్నాడు.

పెద్దపల్లిలో ప్లాన్లు ప్రింటు తీయించి, నడిమింటి గోడకు వరసగా అంటించాడు. మొదటిది రెండు తెరచాపల పెద్ద పడవ. సముద్రాలు దాటేది. అలాంటిదొకటి యార్డుకు మరమ్మతుకు వస్తే దానిమీద పనిచేశాడట. దాన్ని చూపిస్తున్నప్పుడు అన్న గొంతే మారిపోయేది. వదిన టీ గ్లాసులు కింద పెట్టి గోడ వైపు చూసింది.

"గిది మన వాకిట్ల పడుతదా? బర్రెను యాడ కట్టేయాలె?"

అన్న పడీపడీ నవ్వాడు. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. దుబాయి దుమ్ము ఇంకా వదల్లేదన్నాడు. మేమూ నమ్మాం.

పెద్దది వదిలేశాక అసలు పేచీ మొదలైంది. ఒక ప్లానులో పడవ అడుగు కుండలా గుండ్రం. ఇంకొక దానిలో పలకలు పలకలుగా, మూలలు తేలి ఉంటుంది. గుండ్రనిదానికి రేకుల్ని రోలర్లలో వంచి, వంపు వెంటే వెల్డింగ్ పట్టించాలి. నాకు పలకలదే నచ్చింది. అన్నకు గుండ్రందే కావాలి.

"ఇనుముతోని కడితే గట్ల కట్టాలె తమ్మీ. పలకలయి ఎవడైనా అతుకుతడు."

తేల్చుకుందామని నూనె డబ్బా రేకు కత్తిరించి రెండు బుల్లి పడవలు చేశాడు. బర్రె నీళ్లు తాగే తొట్టిలో వాటిని వదిలాడు. వదిన ఒక్కోదాని అంచు మీద వేలు పెట్టి నొక్కింది. పలకలది బిగదీసుకుని కూర్చుంది. గుండ్రంది మెల్లగా ఒరిగి, మెల్లగా లేచి, మళ్లీ ఒరిగింది.

"గిది ఉయ్యాల లెక్క ఉన్నది," అంది వదిన.

అన్న నా వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. అంత సంబరం అతని మొహంలో చిన్నప్పటి తర్వాత మళ్లీ అప్పుడే చూశాను.

ఆ తర్వాత కీల్ సంగతి. గాలికి పడవ పక్కకు కొట్టుకుపోకుండా అడుగున నిలువుగా పెట్టే రేకు అది. లోతైనది ఒకటి పెడితే పడవ బాగా నడుస్తుంది. కానీ మా దగ్గర నీళ్లెప్పుడు దిగిపోతాయో తెలియదు, దిగితే పడవ బురదలో పక్కకు పడిపోతుంది. పొట్టివి రెండు పెడితే రెండు కాళ్ల మీద నిలబడుతుంది. దీనిమీద చాలా ఆదివారాలు వాదించుకున్నాం. వదిన విసుక్కునేది. నాకైతే వారమంతా వర్క్‌షాపులో పనిచేస్తూ ఆ వాదన కోసమే ఎదురుచూసినట్టుండేది.

దగ్గు తగ్గలేదు. వదినే పట్టుబట్టి అన్నను కరీంనగర్ తీసుకుపోయింది. ఎక్స్‌రేలు తీశారు, గొట్టంలోకి ఊదించారు. ఆ సాయంత్రం నేను ఫోన్ చేస్తే వదిన ఎత్తింది.

"ఊపిరితిత్తులు గట్టివడ్డయట మరిదీ. ఏండ్ల వెల్డింగ్ పొగ లోపల వట్టిందట. ఇగ మంచిగయ్యేది కాదన్నరు. పొగ దిక్కు పోనేవద్దన్నరు." మళ్లీ తనే, "నీ ముంగట ఏడ్వడు. నువ్వు సుత ఏడ్వకు," అంది.

ఆ ఆదివారం పోయేసరికి గోడ మీద ఒక్కటే కాయితం ఉంది. మిగతావి చుట్టి బీరువా మీద పెట్టేశాడు. ఉన్నది అన్నిట్లోకీ చిన్న పడవ. పైకప్పు లేదు. అడుగున పొట్టి కాళ్లు రెండు, తెరచాప కట్టే పొట్టి కొయ్య, ఒకటే తెరచాప. అంతా పలకలే.

"గుండ్రంది ఏమాయెనే?"

"వద్దు తీ."

"నీకు గదే నచ్చింది గద."

"కట్టేది నువ్వు గద తమ్మీ," అన్నాడు అన్న. "వంపు మీద నీ చెయ్యి ఒణుకుతది. నాకెర్కనే. గిండ్ల అతికే సీములన్నీ వంకర లేకుండ సక్కగున్నయి. నేను పక్కన లేకున్నా నువ్వు పట్టిస్తవు. తెరచాప సుత ఒక్కనివే లేపొచ్చు."

వాకిట్లోకి వచ్చి, తాడు సరిగ్గానే ఉన్నా బర్రెను విప్పి మళ్లీ కట్టేశాను.

రేకులు వచ్చాయి. నేను సెలవు పెట్టి పని మొదలుపెట్టాను. అన్న గాలికి ఎగువన కుర్చీ వేసుకుని, తడి తువ్వాల ముక్కుకు కట్టుకుని, వెదురు కర్రతో చూపించేవాడు.

"ఆగు. ఒక్క దిక్కే పట్టిస్తే వేడికి రేకు గుంజుకుంటది. జర గా మూలకు పో. మల్ల ఇటు రా."

ఒకనాడు అలాగే చూసి చూసి కుర్చీలోంచి లేచాడు. "ఒక్కటి నన్ను పట్టియ్యనీ," అన్నాడు. నేను వదిన వైపు చూశాను. వదిన చేతిలో చేట ఉంది. వద్దంటుందనుకున్నాను. చేట పక్కన పెట్టి వచ్చి, తనే తువ్వాల మళ్లీ తడిపి అతని ముక్కుకు బిగించి కట్టింది. నా చేతిలోని వెల్డింగ్ అద్దం తీసి అతనికిచ్చింది. అన్న మోకాళ్ల మీద కూర్చుని, మూరెడు సీము పట్టించాడు. చెయ్యి ఎక్కడా తొణకలేదు. చేప పొలుసులు పేర్చినట్టు వచ్చింది. ఆ తర్వాత దగ్గు ఆగలేదు. ఇద్దరం చెరో రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయాం. మంచం మీద ఒరిగాక కూడా ఊపిరి అందక కళ్లు పెద్దవి చేశాడు గానీ, మొహంలో మాత్రం బాధ కనిపించలేదు.

వానలు పట్టాక కరీంనగర్ ఆస్పత్రిలో పోయాడు. చివరి రోజుల్లో ఆక్సిజన్ మాస్కుతో మాట రాక, నా అరచేతిలో వేలితో ఏవో గీతలు గీసేవాడు. పడవ గురించే అనుకుని అన్నిటికీ సరే అన్నాను. అస్థికలు గట్టు మీద నిలబడే గోదావరిలో కలిపాం. పడవ అప్పటికి సగమే అయి, వాకిట్లో బోర్లించి, టార్పాలిన్ కప్పి ఉంది.

దినాలయ్యాక చుట్టాలు పాత ఇనుము వాళ్లకు ఇచ్చెయ్యమన్నారు. నేను వదినను అడిగాను.

"అది గట్ల బోర్లవడి ఉంటే నాకు శవం లెక్క కనవడ్తది మరిదీ," అంది. "లేపి నీళ్లల్లకన్న తోలు, లేకుంటే ముక్కలన్న చెయ్. ఏదో ఒకటి చెయ్. ఆయన కుర్చేసుకొని కూసున్నంత సేపు మాత్రం మంచిగుండె."

ముక్కలు చేయడానికి నాకు చెయ్యి రాలేదు. చలికాలానికి పూర్తిచేశాను. ట్రాక్టరు మీద గట్టుకు తీసుకుపోయి దించితే కాస్త ఎడమకు ఒరిగి తేలింది. నా వెల్డింగ్‌కు రేకు గుంజుకున్న వైపు అది. వదిన బంతిపూలు ఒళ్లో పెట్టుకుని ఎక్కింది. చిన్న గాలి ఉంది. తెరచాప ఒక్కణ్నే లేపాను. చెలకలో మా బావి దగ్గరి కరెంటు స్తంభం తల ఇంకా నీళ్లపైకి కనిపిస్తుంది. దాన్నిబట్టి అంచనా వేసి ఒకచోట తెరచాప దించాను.

"గీ కిందనేనా?" అంది.

"గిక్కడిక్కడనే వదినా."

మామ పేరు, మొగని పేరు రెండూ తలచుకుని పూలు వదిలింది. పూలు పడవను ఆనుకునే చాలాసేపు తేలాయి. ఇద్దరం వాటినే చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఇంటికి పోదాం పద అంది. అన్న లేకుండా ఇందులో కూర్చోవడం తన వల్ల కాదంది. మళ్లీ ఎక్కలేదు.

నేను మాత్రం అప్పుడప్పుడు పోతుంటాను. గాలి పెరిగితే పడవ ముందరి పలక అల మీద దబ్బున పడుతుంది, ఒళ్లంతా అదురుతుంది. గుండ్రంది అయితే అలా కొట్టుకునేది కాదు, అల మీదుగా జారిపోయేది. ఈ ముచ్చట ఎవరికన్నా చెప్పాలనిపిస్తుంది. చెబితే పడవ అడుగు గుండ్రంగా ఉంటే ఏమిటి, పలకగా ఉంటే ఏమిటి అంటారు. తిరిగి వాదించే మనిషి లేడు. తెరచాప దించేసి, నీళ్లు సద్దుమణిగేదాకా అక్కడే కూర్చుంటాను.