ముత్తాత నడిపిన ఓడ

రిటైరైన దర్జీ పొద్దున్నే లైబ్రరీలో తిష్ఠ వేస్తాడు. ముత్తాత ఓడ నడిపాడని నిరూపించాలని ఆయన పంతం. బట్ట కొలిచినట్టు పాత ఓడల రికార్డులన్నీ జానెడు జానెడుగా వెతికి, ఆ పేరు దొరక్క పళ్లు నూరుతాడు. ఇవాళ ఇంటర్నెట్‌లో ఒక దూరపు చుట్టం పెట్టిన వంశవృక్షంలో ముత్తాత పేరు పక్కనే ‘ఓడ నడిపాడు’ అని కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఆ చుట్టానికి ఫోన్ చేశాడు. “ఈ సంగతి మీకెలా తెలిసిందండీ?” “నిరుడు మీరు నెట్‌లో పెట్టిన వంశవృక్షంలోంచే ఎక్కించానండీ!”

దర్జీకి ఒళ్లు మండింది. చిన్నప్పుడు ఆ మాట చెప్పిన మేనత్తకే ఫోన్ కలిపాడు. “అత్తా, ముత్తాత నడిపింది ఏ ఓడో ఇప్పుడైనా చెప్పు!” “ఏ ఓడరా? నువ్వు ముద్ద మింగకుండా నా ప్రాణాలు తోడేస్తుంటే ఏదో ఒకటి చెప్పాను. ఓడ అనగానే నోరు తెరిచావు. ఇంకా మూయలేదా?”