తలుపు కనబడే మంచం

మా అమ్మమ్మ సర్దిన గదిలో పడాలంటే పిడుగు కూడా చెప్పులు బయట విడిచి, చప్పుడు చేయకుండా పడుతుంది. బెదిరిన పిల్లలుండే హోముల్లో, వాళ్ల మనసు కుదుటపడేలా గదులు తీర్చిదిద్దడం ఆవిడ ఉద్యోగం; అందులో ఆవిడకు పెద్ద పేరు. ఎక్కడికెళ్లినా ముందు మోకాళ్లను తిట్టుకుంటూ, పిల్లల ఎత్తుకు దిగి గదంతా పాకుతుంది.

మొన్న నేనూ వెంట వెళ్లిన ఒక హోములో కొత్తగా వచ్చిన పిల్ల మంచం ఎక్కకుండా బల్ల కిందే పడుకుంటోంది. "ఇలాగైతే వేరేచోటికి పంపేస్తామండీ" అంది వార్డెను. అమ్మమ్మ బల్ల కిందికి దూరి, పిల్ల పక్కనే పడుకుంది.

"ఇక్కణ్ణుంచి తలుపు కనబడుతోందే."

"ఎవరొస్తున్నారో తెలుస్తుంది" అంది పిల్ల.

మంచం మీద పడుకుంటే తలుపు తల వెనక్కి పోతుంది. అమ్మమ్మ బయటికొచ్చి మంచాన్ని అటు తిప్పింది. పిల్ల కాసేపు తలుపు వంక చూసి, ఎక్కి పడుకుంది.

"మంచం తిప్పినందుకే ఇంత పేరా, అమ్మమ్మా?" అని నేను ఏడిపిస్తే, మోచేతుల దుమ్ము దులుపుకుంటూ అంది: "ముందు నువ్వు బల్ల కింద దూరి రా. తర్వాత వాగుదువుగాని."