మంగినపూడి హోటల్ గోడకు డెల్టా పటం

పోయినేడు వేసవిలో పెడనలోని మా కలంకారీ షెడ్డుకు ఒక పటం ఆర్డర్ వచ్చింది. పాతికేళ్ళుగా దుప్పట్లు, చీరలు, కర్టెన్లు అద్దుకుని బతుకుతున్నవాణ్ణి నేను. పటం అద్దమన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఇకముందు కూడా ఎవరూ రాకపోతే బాగుండునని ఆ నెలంతా అనుకున్నాను.

ఆర్డర్ ఇచ్చింది గుడివాడ ప్రసాద్ గారు. వరి పొలాలున్న మనిషి, మంగినపూడి బీచ్‌కి వెళ్ళే రోడ్డు మీద చేపల హోటల్ కడుతున్నాడు. ఎక్కడో పెద్ద హోటల్లో యూరప్ వాళ్ళు గీసిన పాతకాలపు మన తీరం పటం చూసి ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చాడు. ఆ రోజుల్లో అక్కడివాళ్ళు పటాల్ని దారి చూసుకోవడానికే కాక గోడకు అందంగా ఉండటానికి కూడా గీయించుకునేవారు. సముద్రంలో ఓడలు, నోరు తెరిచిన తిమింగలాలు, మూలన పటం పేరు రాయడానికి కార్టూష్ అనే నగిషీ చట్రం. ఆ చట్రం పక్కన మనుషులు. టోపీ దొర దర్జాగా నిలబడి ఉంటే, మన తీరం వాడు గోచీతో వంగి ఆయనకు బట్టల మూట అందిస్తున్నాడు. బట్ట నేసినవాడి ఒంటి మీద బట్ట లేదు. చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.

"ఇలాంటిదే కావాలి బావగారూ, కాకపోతే మనది," అన్నాడు ప్రసాద్ గారు. నేనాయనకు ఏ వరసా కాను.

మనది అంటే మన డెల్టా అని ఆయనే చెప్పాడు. గుడివాడ నడిమధ్యన, బందరు కంటే పెద్దగా ఉండాలట. కింద రెండు చట్రాలు. ఒకదాంట్లో గుడివాడ రైతు, తెల్ల పంచె, మెలితిప్పిన మీసం, వెనక ధాన్యపు రాశి. రెండోదాంట్లో దివిసీమ జాలరి, నల్లగా, గోచీతో, చేతిలో బల్లెం. పక్కనే నెత్తిన గంపతో నోరు తెరిచి అరుస్తున్న ఆడమనిషి.

"బల్లెంతో చేపలు ఎవరు పడుతున్నారండీ? అక్కడ సగం మంది రొయ్యల చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్లు తిప్పుకుంటున్నారు," అన్నాను.

"చూడగానే దివిసీమ అని తెలియాలి కదా బావగారూ. ఏరేటర్ వేస్తే ఎవరికి తెలుస్తుంది?"

ఈయనతో వాదించే కంటే గోడతో మాట్లాడుకోవడం నయమనిపించింది.

మా పనిలో ప్రతి బొమ్మకూ టేకు చెక్క మీద బ్లాక్ చెక్కించాలి. గీతలకు ఔట్‌లైన్ బ్లాక్, లోపలి రంగులకు ఫిల్లర్ బ్లాకులు. చెక్కడానికి రోజులు పడతాయి కనుక షెడ్డులో ఉన్న పాతవి ఎక్కడ సరిపోతే అక్కడ వాడేస్తాం. ఓడకు మా నాన్న కాలం నాటి బ్లాక్ ఉంది. మనుషులకు మాత్రం కొత్తవి కావాలన్నాను.

దాంతో ప్రసాద్ గారు నాంచారమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమెది నాగాయలంక. కొత్త హోటల్లో పెద్ద వంటమనిషి, ఆమె పులుసు మీదే హోటల్ నడవాలి. ఇస్త్రీ చీర, కళ్ళజోడు, చేతికి వాచీ. "అసలు సిసలు దివిసీమ మనిషి, చూసి గీయండి," అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? కళ్ళజోడు తీసి, కుచ్చెళ్ళు పైకి దోపి, మా గంప నెత్తిన పెట్టుకోమన్నాడు.

"నేనెప్పుడూ గంప ఎత్తలేదండీ. మా నాన్న పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. నేను పెళ్ళిళ్ళకి వండుకుంటా వచ్చాను," అంది నాంచారమ్మ.

"బొమ్మ కోసమేనమ్మా. నిజంగా మొయ్యమన్నానా?"

"బొమ్మ మీ గోడ మీద ఉంటదండీ. రోజూ దాని కింద తిరిగేది నేను. తినేవాళ్ళు దాన్నీ చూస్తారు, నన్నూ చూస్తారు. నా వంట తిని నన్ను చూసి నవ్వుకుంటే నేనక్కడెలా పని చేస్తాను?"

ప్రసాద్ గారు గంప ఆమె ముందుకు జరిపాడు. ఆమె ఆగలేదు.

"సరే, అలాగే గీయండి. మరి గుడివాడ ఆయన్ని కూడా చేతిలో పేకముక్కలు, చంకలో కోడిపుంజుతో గీయండి. చూడగానే తెలుస్తది."

"గుడివాడలో అందరూ అలాగే ఉంటారా ఏంటి?" ఆయన మొహం ఎర్రబడింది.

"నాగాయలంకలో ఉంటారా మరి?"

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "గొడవెందుకు బావగారూ, మనుషుల్ని తీసేయండి. చట్రాల్లో పూలతీగలు వేసేయండి," అన్నాడు. పీడా పోయిందనుకున్నాను. కరక్కాయ కలిపిన పాలల్లో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద అద్ది, ఉడకబెట్టి, కాలువలో ఉతికించి పంపేశాను.

హోటల్ తెరిచిన రోజు నేనూ వెళ్ళాను. నీలిమందు రంగులో కాలువలు, గుమ్మడికాయంత గుడివాడ. పటం బాగానే ఉంది. నాంచారమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూసింది.

"బాబాయ్ గారూ, ఓడ మీద ఉన్నదెవరు?" అని నన్నడిగింది.

టోపీ దొరలు. ఓడా, వాళ్ళూ ఒకే చెక్కలో చెక్కిన బ్లాక్ అది. చిన్నప్పటి నుంచీ అద్దుతున్నాను, నా కంటికి అది ఓడ, అంతే. మనుషుల్ని తీసేయమన్నప్పుడు వాళ్ళూ మనుషులేనని నాకు తట్టలేదు. మా పెడన, వీళ్ళ గుడివాడ, ఆమె నాగాయలంక అన్నీ ఉన్న పటంలో చివరికి మిగిలింది వాళ్ళే.

"నువ్వే కదమ్మా వద్దన్నావు," అన్నాడు ప్రసాద్ గారు.

"అలా వెయ్యొద్దన్నానండీ. అసలే వెయ్యొద్దని నేనెప్పుడన్నాను? వేసేటప్పుడూ అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు." ఆమె కళ్ళజోడు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బల్లెం గురించి వాదించాను, ఏరేటర్ల గురించి వాదించాను. ఆమె మా షెడ్డులో అంతసేపు కూర్చుంటే, నిన్నెలా గీయమంటావమ్మా అని ఒక్క మాట అడగలేదు. మర్నాడు ఫోన్ చేసి అడిగాను.

"పొయ్యి దగ్గర నిలబెట్టండి. మొహం పక్కకి తిప్పొద్దు, ఎదర చూస్తా ఉండాలి," అంది.

ఉడికిన గుడ్డ మీద మార్పులు కుదరవు. మొదటి నుంచీ మళ్ళీ అద్దాలి. ప్రసాద్ గారు "మళ్ళీనా!" అని తల పట్టుకుని, చివరికి తన రైతుని కూడా వేయమన్నాడు, పేకముక్కల్లేకుండా. కొత్త పటం గోడకెక్కిన రోజు నాంచారమ్మ వాళ్ళ నాన్నను నాగాయలంక నుంచి బస్సెక్కించి రప్పించింది. ఆయన బొమ్మ కింద నిలబడి, తినడానికొచ్చిన ప్రతివాడికీ అది మా అమ్మాయేనని చెప్పాడు.

ఇప్పుడు మనిషి బొమ్మ ఉన్న ఆర్డర్ ఏదొచ్చినా, ముందు ఆ మనిషిని తీసుకురమ్మంటున్నాను. విసుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతున్నారు. నాంచారమ్మ నాతో ఇప్పుడు బాగానే మాట్లాడుతుంది. కానీ ఆ రోజు ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. గుడ్డంటే మళ్ళీ అద్దుకున్నాం, ఆ పూటను మళ్ళీ అద్దలేం కదా.