వేగుచుక్క నా పక్షం చేరిన ఎండాకాలం

పోలీసు చర్య అయిన మరుసటి ఎండాకాలం, ఆకాశంతో పొత్తు కుదుర్చుకుని మా బావ మీద కసి తీర్చుకున్నాను. నా కథల్లో నిజం పాలు తక్కువని మాదాపూర్ అంతా అంటుంది. ఇందులో మాత్రం అబద్ధం కూరలో ఉప్పంతే వేశాను.

బావ అంటే నా భర్తకు అన్న. అన్నదమ్ములు భూమి పంచుకున్నారు గాని బావి ఉమ్మడిగానే మిగిలింది. పగలంతా ఊట ఊరనిచ్చి, పొద్దుగూకాక ఎద్దులతో మోట కొట్టేవాళ్లం. దీపాలు పెట్టిన దగ్గర్నుంచి వేగుచుక్క పొడిచేదాకా నీళ్లు బావవి. చుక్క కనబడ్డాక, పసులు మేతకు పోయేదాకా మావి. దసరాకు పెద్దలు ఈ తీర్పు చెప్పినప్పుడు చుక్క బాగా చీకటుండగానే వచ్చేది. నా మల్లెతోటకు నీళ్లు సరిపోయేవి. ఆ మొగ్గలు షహర్ బజారులో అమ్ముడైతేనే మా పొయ్యి వెలిగేది.

చలి ముదిరేకొద్దీ చుక్క బద్ధకంగా లేవసాగింది. శివరాత్రి నాటికి సూర్యుడి కంటే కాస్త ముందు తొంగి చూసేది, ఆపైన ఆ వెలుగులో కలిసి మాయమైంది. దాంతో మా వంతూ మాయం. బావ వంకాయ తోట మాత్రం నిగనిగలాడింది.

పెద్దల ముందు ఏడ్చాను.

"సుక్క పొడవకుంటే నేనేం జెయ్యాలె? మాటంటే మాటే," అన్నాడు బావ మీసం దువ్వుతూ.

"సచ్చిపోయిందేమో బావా!"

"సుక్క సస్తదా, పిచ్చిదానా? పొద్దు ఎనుక దాగింది. ఇయ్యాల మునిగితే రేపు తేల్తది. యాడ తేలినా గదే సుక్క. అది కనవడ్డనాడు రా, మోట ఇడుస్త."

అతని తెలివికి పెద్దలు తలలూపారు. అందరికంటే గట్టిగా నేనూపాను.

చుక్క ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు. మియాపూర్‌లో పుట్టింటి వెనక బండరాయి ఎక్కి ఏళ్ల తరబడి దాన్నే చూసినదాన్ని. తూర్పున మునిగితే పడమట తేలుతుంది, అదీ పొద్దుగూకగానే. వంతు కోసం తప్ప తలెత్తని బావకు ఆ సంగతి ఎక్కడిది? నా భర్తకు కూడా చెప్పలేదు. పళ్లు బిగించి, కుంట నుంచి కడవలు మోసి మల్లెల ప్రాణం నిలబెట్టాను. మోసీ మోసీ నడినెత్తిన జుట్టు ఊడి నున్నగా మెరిసింది. గచ్చిబౌలి వాళ్లు దాన్నే చుక్క అనుకున్నారట.

రోహిణి ఎండల్లో ఒక సాయంత్రం, సరిగ్గా మా పుట్టింటి దిక్కున, ఎర్రటి వెలుగులో అది తేలింది. పెద్దల్ని వెంటబెట్టుకుని బావి దగ్గరికి నడిచాను. బావ అప్పుడే ఎద్దుల్ని కట్టాడు.

"ఇగ మోట ఇడువు బావా. సుక్కొచ్చింది."

"గది పడమటి సుక్క గదనే!"

"యాడ తేలినా గదే సుక్క అంటివి గద? అబద్ధమాడినవా?"

ఒక ముసలి పెద్ద గడ్డం గోక్కుంటూ, "అన్నవురా, నేనిన్న," అన్నాడు.

బావ మోట తాడు వదిలేశాడు. పొద్దుగూకింది మొదలు పసులు పోయేదాకా నీళ్లు మావే. అతనికి మిగిలింది దీపం పెట్టే క్షణమే.

"జర సగమన్న ఇద్దామే. అన్న గదా," అన్నాడు నా భర్త.

"నా నెత్తి మీద జుట్టు మొలిచినంక," అన్నాను.

వంకాయలు వాడి, ముడుచుకుని, నల్లబడ్డాయి. నేను రోజూ గట్టు మీద కూచుని తృప్తిగా చూశాను. చివరికి బావే వచ్చాడు. "పిల్లా, సుక్కను ఇడిసిపెట్టి సగం సగం చేసుకుందం."

"చేసుకుందం. ముందుగాల కుంట నుంచి నా మల్లెలకు కడవలతోని నీళ్లు మొయ్యి. నెత్తి మీదనే. నేను సాలన్నదాక."

మోశాడు. నేను చాలనే లోపే వానలు పడ్డాయి. ఆ ఏడు నా మల్లెమొగ్గలు ఒక్కోటి కొబ్బరికాయంత. కావాలంటే బావ నడినెత్తి చూడండి, ఇప్పటికీ మెరుస్తుంది.